టీ గది తరఫున

నాలుగో అంతస్తు, టీ గది
ప్రారంభానికి పది వారాలు

ఒసేయ్ పిచ్చుకా,

నేనే, మీ అత్తని. రాస్తున్నది మాత్రం గేటు దగ్గరి మీసాలాయన. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మధ్యలో మర్యాద కలిపితే వారం రోజులు టీ ఉండదని కూడా చెప్పాను. కాబట్టి ఇందులో కటువుగా ఉన్నదంతా నాది. దస్తూరీ బాగుంటే అది ఆయనది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే "మీటింగ్‌లో ఉన్నా అత్తా, తర్వాత చేస్తా" అంటావు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. కాగితాన్ని నువ్వు అలా కట్ చెయ్యలేవు. చదివి, జవాబు కూడా కాగితం మీదే రాయి. మీసాలాయన చదివి వినిపిస్తాడు. ఒకసారి విన్నాక కోపం వస్తే రెండోసారి చదివించుకుంటాను.

సంగతేమిటంటే, మా బీమా ఆఫీసులో నూట ఇరవై కుర్చీలుంటే ముప్ఫై మందికి మించి రావడం లేదు. మిగతావాళ్లు ఇంట్లో కూర్చునే పని కానిచ్చేస్తున్నారు. ఆఫీసుని ముస్తాబు చేస్తే వాళ్లే పరిగెత్తుకొస్తారని పైవాళ్లకి తోచింది. గోడలకి స్క్రీన్లట, పైకప్పులో స్పీకర్లట, పొద్దునొక రంగు సాయంత్రమొక రంగు లైట్లట. కింద గుమ్మం ఎదురుగా అప్పుడే ఒక స్క్రీన్ పెట్టి అందులో జలపాతం వేశారు, గలగలమనే చప్పుడుతో సహా. లోపలికి అడుగుపెట్టినవాడు పెట్టినట్టే బాత్రూమ్‌కి వెళ్తున్నాడు.

మొన్న బోర్డు మీద రంగుల బొమ్మ ఒకటి అంటించారు, పనంతా అయ్యాక మా అంతస్తు ఇలా ఉంటుందని. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకు చదవడం రాదు గానీ చూడడం వచ్చు. అందులో అందరూ నవ్వుతున్నారు, ఒక్కరు తప్ప. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉన్నాను, ఇంతమంది ఒకేసారి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. సరే, నవ్వనీ. కానీ నా టీ గది ఏదీ? అది ఉండాల్సిన చోట గోడంత స్క్రీన్ ఉంది! మేనేజర్‌ని అడిగితే, "బటన్ నొక్కితే టీ పోసే మిషన్ వస్తోందమ్మా, నీకు శ్రమ తప్పుతుంది" అన్నాడు. ప్రారంభం రోజున కంపెనీ పెద్దాయన వస్తాడట. మూడు ఊళ్లలో ఉన్న మా బ్రాంచీలవాళ్లు ఆ స్క్రీన్ మీద కనపడి చేతులూపుతారట.

ఆఫీసులకి సోకులు చేసే పనే కదా నీదీ. చెప్పు మరి, ఈ బొమ్మ గీసినవాళ్లని ఎలా పట్టుకోవాలి? ఎక్కడ గిల్లితే వాళ్లకి నొప్పి పుడుతుంది? నా గది నాకు కావాలి. మిగతా అంతస్తంతా వాళ్లు అద్దాలతో నింపుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మీ అత్త

(చెప్పింది చెప్పినట్టే రాశాను. రెండు మాటలు మాత్రం రాయడానికి చెయ్యి రాక వదిలేశాను. - మీసాలు)


డిజైన్ స్టూడియో, నా బల్ల దగ్గర
ప్రారంభానికి ఎనిమిది వారాలు

అత్తా,

జవాబు ఆలస్యమైంది, తిట్టకు. తిడితే మీసాల బాబాయిగారి చేత రాయించకు. ఆయన దస్తూరీలో తిట్లు చదువుతుంటే ఆఫీసు నోటీసు అందుకున్నట్టుంది.

అడిగావు కాబట్టి ఈ పనిలో ఉన్నదాన్నిగా చెబుతాను. ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్లకి ప్రయాణం లేదు, రొద లేదు, నచ్చిన కుర్చీ ఉంది. వాళ్లు ఆఫీసుకి రావాలంటే ఇంట్లో దొరకనిదేదో ఇక్కడ దొరకాలి. వేరే ఊళ్లో ఉన్న మనిషి ఫోన్లో అగ్గిపెట్టెంత ముఖంతో కాకుండా మనిషంత ఎత్తున ఎదురుగా నిలబడాలి. ఆ మనిషి గొంతు పక్క కుర్చీలోంచి వచ్చినట్టు రావాలి. అందుకే పెద్ద స్క్రీన్. దాన్ని ఎక్కడ పడితే అక్కడ తగిలించలేం. కిటికీ వెలుతురు మీద పడకూడదు, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడాలి. మీ అంతస్తులో అలాంటి చోటు ఆ తొమ్మిదడుగుల గోడ ఒక్కటే.

ఇంకో మాట. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? రోజంతా ఆ తడినేల మీద నిలబడి, వందసార్లు వంగి లేస్తావు. అదే ముందు హాల్లో మంచి కుర్చీ వేసి, వచ్చినవాళ్లని పలకరించే పని ఇచ్చారనుకో. నీడపట్టున కూర్చోవచ్చు, గౌరవంగానూ ఉంటుంది. ఆ డిజైన్ చేసినవాళ్లు చెడ్డవాళ్లే అయ్యుండాలని లేదు కదా. కొంచెం ఆలోచించు.

నీ పిచ్చుక


నాలుగో అంతస్తు, టీ గది
ప్రారంభానికి ఏడు వారాలు

పిచ్చుకా,

మొదటిసారి చదివినప్పుడు గ్లాసు చేతిలో పట్టుకుని విన్నాను. రెండోసారికి పక్కన పెట్టేశాను, ఎవరి మీద విసురుతానో అని.

నా గోడ తొమ్మిదడుగులని నేను నీకు చెప్పలేదు. నాకే తెలీదు. మీసాలాయన టేపు తెచ్చి కొలిచాడు. సరిగ్గా తొమ్మిది. అంత దూరంలో కూర్చుని నువ్వెలా కొలిచావో నేను అడగను. నీ నోటితో నువ్వే చెప్పాలి.

ఇప్పుడు నా కేసు విను.

మీటింగుల కోసమని గాజు గది ఒకటి ముందుగా తయారుచేశారు. మూడువైపులా అద్దాలు, నాలుగోవైపు స్క్రీన్, పైన స్పీకర్లు. తళతళలాడిపోతోంది. తుడిచేదాన్ని నేనే కాబట్టి దాని అందం నాకంటే బాగా ఎవరికీ తెలీదు. మొన్న పొద్దున్న లోపలికెళ్లి ఒక చప్పట్టు కొట్టాను. ఒకటి కొడితే నాలుగు తిరిగొచ్చాయి.

చప్పట్టు ఎందుకంటే, అది మీ మామయ్య పద్ధతి. సినిమా హాల్లో ఆపరేటరుగా చేసినన్నాళ్లూ ఆట మొదలవడానికి ముందు హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టేవాడు. శబ్దం తిరిగొస్తే గోడలకి గోనె పట్టాలు బిగించేవాడు. "జనానికి బొమ్మ సరిగ్గా కనపడకపోతే సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచి పోతారు" అనేవాడు. అదే హాలు ఊడ్చేదాన్ని, టార్చి పట్టుకుని కుర్చీలు చూపించేదాన్ని, ఆ మాట ఎన్ని వందలసార్లు విన్నానో.

పోయిన గురువారం క్లెయిముల సెక్షన్ వాళ్లు గాజు గదిలో కూర్చున్నారు. స్క్రీన్‌లో వేరే ఊరి ఆవిడ. నేను టీలు పట్టుకెళ్లాను. ఇక్కడ సెక్షన్ పెద్దాయన ఒక మాట అంటాడు, ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "మళ్లీ చెప్పండి సార్" అంటుంది. ఆయన గొంతు పెంచుతాడు, గది ఇంకా గోల పెడుతుంది. పది నిమిషాలయ్యేసరికి ఆయనకి మొహం కందిపోయింది. అప్పుడేం చేశారనుకున్నావు? ఐదుగురూ లేచి నా టీ గదికి వచ్చారు! ఫోన్ని నా పంచదార డబ్బాకి ఆనించి, తలో గ్లాసు పట్టుకుని, నిలబడే పావుగంటలో తేల్చేసుకున్నారు. ఫోన్లో ఆవిడ "ఇప్పుడు చక్కగా వినిపిస్తోంది సార్, ఏం మార్చారు?" అంది. ఆయన చుట్టూ ఒకసారి చూసి "గది మార్చామమ్మా" అన్నాడు.

నా గదికి ఏం గొప్పో నీకు తెలుసు. హాలు మూసేసిన రోజున మీ మామయ్య ముఖమల్ పరదా భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన పోయాక దాన్ని నేను ఇక్కడికి తెచ్చి రెండు గోడలకీ మడత మీద మడతేసి వేలాడదీశాను. ఏడాదికోసారి నేనే ఉతుకుతాను. అది హాల్లో ఉన్న రోజుల్లో అందులో చుట్టుకుని నిద్రపోయే పిల్ల ఒకతె ఉండేది, మొదటాట మొదలైతే చివరాట దాకా లేచేది కాదు. ఆ పిల్ల ఇప్పుడు నాకు కుర్చీ వేసి కూర్చోబెడతానంటోంది.

మీ అత్త

(చప్పట్టు నేనూ కొట్టి చూశాను తల్లీ. నిజమే. - మీసాలు)


డిజైన్ స్టూడియో
ప్రారంభానికి ఆరు వారాలు

అత్తా,

ఆ బొమ్మ గీసింది నేనే.

మీ కంపెనీ వాళ్లు ఈ పని నాకిచ్చి ఐదు నెలలైంది. నీకు చెప్పలేదు. ప్రారంభం రోజున అక్కడికొచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నానని ఇంతసేపూ రాసి, కొట్టేశాను. అది సగమే నిజం. అడిగితే కాదంటావని అడగలేదు. నిన్ను ఆ తడినేల మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలని నేనే నిర్ణయించేసి, నా డ్రాయింగులో నీ గది తీసేశాను. మేనేజర్‌గారికి ఆ ముందు హాలు కుర్చీ సంగతి చెప్పింది కూడా నేనే.

కానీ అత్తా, నా పని మీద నాకు నమ్మకం ఉంది. అది కూడా చెప్పాలి. గాజు గదిని పరీక్షించకుండా వదల్లేదు. సౌండ్ ఇంజనీరు అందులో పాట వేసి వీడియో పంపాడు. అదిరిపోయింది. కుర్చీలన్నీ నిండితే మాట కూడా బాగానే ఉంటుందని ఆయన అన్నాడు.

ఇది నా సొంత పేరు మీద నేను చేస్తున్న మొదటి పెద్ద పని. పెద్దాయనకి నచ్చితే మిగతా మూడు బ్రాంచీలూ నాకే ఇస్తారు. స్క్రీన్ పలకలు దారిలో ఉన్నాయి. వచ్చే సోమవారం కాంట్రాక్టరు నీ గోడ పగలగొట్టడానికి వస్తున్నాడు. ఆపమని ఆయనకి చెప్పాలంటే నా దగ్గర కారణం ఉండాలి, "మా అత్తకి ఇష్టం లేదు" అనేది కాకుండా. నన్ను అర్థం చేసుకో.

నీ పిచ్చుక


నాలుగో అంతస్తు, టీ గది
ప్రారంభానికి ఐదు వారాలు

పిచ్చుకా,

నువ్వేనని నాకు మొదటిరోజే తెలుసు.

బొమ్మలో అందరూ నవ్వుతున్నారు, ఒక్కరు తప్ప అని రాయించానా లేదా? కుడివైపు మూల కొప్పు పెట్టుకుని, భుజం మీద తుడుపుగుడ్డ వేసుకుని, మూతి ముడుచుకుని నిలబడింది ఒకావిడ. చిన్నప్పుడు సినిమా టికెట్ల వెనకాల అదే బొమ్మ గీసేదానివి. అదే కొప్పు, అదే మూతి. ఎవరని అడిగితే "మా అత్త" అని అందరికీ చూపించేదానివి. నన్ను బొమ్మలో పెట్టావు గానీ నేను నిలబడే గదిని తుడిచేశావు. అందుకే నీకు ఉత్తరం రాయించాను. వేరేవాళ్లు గీసుంటే నేనే చూసుకునేదాన్ని.

నా మోకాళ్ల గురించి. అవి నీకేమైనా ఉత్తరం రాశాయా? నొప్పెడితే నేను చెబుతాను. కుర్చీ కావాలంటే అడుగుతాను. గుమ్మం దగ్గర కూర్చుని ఆ జలపాతం వింటూ వచ్చేపోయేవాళ్లకి పళ్లికిలించడానికి నేనేమన్నా బొమ్మనా?

పాట గురించి. పాటకి గది ఎలా ఉన్నా చెల్లుతుంది, కాస్త మోగితే ఇంకా బాగుంటుంది. మాటకి చెల్లదు. కుర్చీలు నిండితే బాగుంటుందన్నాడా మీ ఇంజనీరు? అసలు కుర్చీలు నిండడం లేదనే కదా ఈ తంటా అంతా!

ఇక సోమవారం సంగతి. కాంట్రాక్టరు ఇద్దరు మనుషుల్ని, రెండు సుత్తుల్ని వెంటేసుకుని వచ్చాడు. నేను గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"లేవండమ్మా."

"లేవలేను నాయనా. మోకాళ్లు. ఎక్కువ లేవకూడదని మా మేనకోడలు చెప్పింది. నువ్వు పని చేస్తున్నది ఆవిడ దగ్గరే, కావాలంటే ఫోన్ చేసి అడుగు."

మేనేజర్ పరుగున వచ్చాడు. నేను లేచి (అప్పుడు లేచాను) ఆయన్ని గాజు గదిలోకి తీసుకెళ్లి చప్పట్టు కొట్టమన్నాను.

"ఎవరికమ్మా చప్పట్లు?"

"గదికి."

కొట్టాడు. మొహం చిట్లించాడు. అక్కణ్ణించి టీ గదిలోకి తెచ్చి మళ్లీ కొట్టమన్నాను. కొట్టి, పరదా మీద చెయ్యి వేసి తడిమాడు. తర్వాత తనే ఇంకోసారి గాజు గదికి వెళ్లి ఎవరూ చూడడం లేదనుకుని మూడుసార్లు కొట్టాడు. నేను చూశాను. నాకు పది రోజులు గడువిచ్చాడు.

కారణం కావాలన్నావు కదా, వచ్చి తీసుకెళ్లు. ఆ కంప్యూటరు పెట్టె మోసుకురాకు. రెండు చేతులు చాలు.

మీ అత్త

(కాంట్రాక్టరుకి టీ ఇచ్చింది తల్లీ. మూడు గ్లాసులు తాగాడు. సుత్తులు నా గేటు దగ్గరే వదిలేసి వెళ్లాడు. - మీసాలు)


డిజైన్ స్టూడియో
ప్రారంభానికి మూడు వారాలు

అత్తా,

క్షేమంగా చేరాను. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

నీ దగ్గర ఉన్న రెండు రోజుల్లో నువ్వు నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. టీ గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి "ఊరికే చూడు" అన్నావు. చూశాను. ఒక్క పూటలో నలభై ఒక్కమంది వచ్చారు. వాళ్లలో పన్నెండుమంది ఆ రోజు సెలవులో ఉండి, దగ్గర్లో పనుందని చెప్పి పైకొచ్చినవాళ్లు. మా డ్రాయింగుల్లో ఈ గదిని "వాడుకలో లేని సామాను గది" అని చూపించారని నీకు చెప్పలేదు. చెబితే ఆ కొలతలు తీసినవాడి గతేమవుతుందో అని. ఆ మాట తప్పని తెలిసీ దిద్దకుండా గీసింది మాత్రం నేను. నీకేం కావాలో నిన్ను ఒక్కసారి అడిగుంటే సరిపోయేది.

దీంతో కొత్త బొమ్మ పంపుతున్నాను. బాబాయిగారు చదివే లోపల నువ్వు చూడు.

గోడ సగం ఉంటుంది. రెండో సగంలో, తెప్పించిన ఆరు స్క్రీన్ పలకల్లో మూడు, నిలువుగా, మనిషంత ఎత్తున. ఒక్కో పలకలో ఒక్కో ఊరు. మిగిలిన మూడు పలకలు ఆ మూడు ఊళ్ల టీ గదులకి వెళ్తున్నాయి, ఊరికొకటి. ఇక్కడ గ్లాసు పట్టుకుని నిలబడినవాళ్లకి అక్కడ గ్లాసు పట్టుకుని నిలబడినవాళ్లు ఎదురుగా ఉంటారు. మేనేజర్‌గారికి ఇది చెబితే "మీటింగులు ఎలాగూ అక్కడే జరుగుతున్నాయి" అన్నారు. గాజు గదికి రెండువైపులా దళసరి పరదాలు, పైకప్పుకి మెత్తటి పట్టాలు. ఇంజనీరు చేత ఈసారి పాట వేయించను. మాట్లాడిస్తాను.

అన్నిటికంటే నాకు సిగ్గనిపించింది గాజు గదిలో స్క్రీన్ వేసి ఆపే స్విచ్చుల పలక దగ్గర, నీ గదికీ అలాంటిదే అనుకున్నాను. అక్షరాల మీద వేలు పెట్టి నొక్కాలని నీకు చూపించబోతుంటే, నువ్వు చేతులు కట్టుకుని "మరి నేనెలా ఆపాలి? నా గదిలో నలుగురు నా మాటలు వింటుంటే నేను ఆపొద్దా?" అన్నావు. ఆ రాత్రి రైల్లో నీ పరదా గుర్తొచ్చింది. ఇప్పుడు నీ గదికి ఆ స్విచ్చుల పలక తీసేశాను. స్క్రీన్లకి అడ్డంగా మామయ్య పరదానే వస్తుంది, కడ్డీ చివర ఒక చిన్న మీట ఉంటుంది. పరదా లాగితే స్క్రీనూ మైకూ మొదలవుతాయి. మూస్తే ఆగిపోతాయి. మూసి ఉంటే ఎవరూ వినడం లేదని గది అవతలి చివర నిలబడినవాళ్లకి కూడా తెలుస్తుంది. చదవాల్సింది ఏమీ లేదు.

పెద్దాయనకి ఇది నచ్చుతుందో లేదో తెలీదు. నాకు నచ్చింది. పాత డిజైన్ కంటే ఇది మంచి డిజైన్. ఇలా అనడానికి నాకు నీ ఒప్పుదల కావాలి. ఈసారి అడుగుతున్నాను.

నీ పిచ్చుక


నాలుగో అంతస్తు, టీ గది
ప్రారంభమై రెండు రోజులు

పిచ్చుకా,

ఒప్పుకున్నానని మీసాలాయన చేత ఒక్క ముక్క రాయించి పంపాను కదా, అంతకంటే ఎక్కువ అప్పుడు చెప్పాలనిపించలేదు. ఇప్పుడు చెబుతాను. నీకు కడుపు నొప్పి వచ్చిందని ప్రారంభానికి రాలేదు. కడుపు నొప్పి కాదది, భయం. మీ మామయ్యకి కూడా కొత్త బొమ్మ వేసే ప్రతిసారీ వచ్చేది. పోనీలే.

పెద్దాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరి మాటా పూర్తిగా వినని రకం. గాజు గది చూశాడు, తల ఊపాడు. లైట్లు చూశాడు, తల ఊపాడు. నా గది ముందుకొచ్చి "ఇదేమిటి, పాత పరదా వేలాడదీశారు?" అన్నాడు. వెనకాల నిలబడ్డ అందరూ నా వైపు చూశారు. ఆ వేళ ఎంతమంది వచ్చారనుకున్నావు? కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు.

నేను గ్యాస్ స్టవ్ దగ్గరనించి వచ్చి, చేతులు తుడుచుకుని, పరదా లాగాను. మీ మామయ్య లాగినట్టే, సగం దాకా మెల్లగా, ఆ తర్వాత ఒక్క ఊపు.

మూడు ఊళ్లూ వెలిగాయి. మనుషులు మనుషులంత ఉన్నారు. ఎడంవైపు పలకలో క్లెయిములావిడ, అదే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే ఆవిడ. నడిమి పలకలో కుర్రకారు. కుడివైపు దాంట్లో అందరికంటే ముందు నా వయసాయన ఒకడు, చేతిలో కెటిలు. వాళ్ల ఊళ్లో టీ పెట్టేది ఆయనట. నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. పెద్దాయన ఏదో ఉపన్యాసం మొదలెట్టబోతున్నాడు.

ఆ కెటిలాయన నా భుజం వెనక్కి చూసి, గొంతు కూడా పెంచకుండా, పక్కన నిలబడి చెప్పినట్టు చెప్పాడు:

"అమ్మా, నీ పాలు పొంగుతున్నాయి."

పరిగెత్తాను. మోకాళ్లు అడ్డం రాలేదు. ఒక్క చుక్క పోలేదు.

వెనక్కి తిరిగేసరికి అంతస్తంతా నవ్వుతోంది. మావాళ్లందరూ, ఆ మూడు ఊళ్లవాళ్లూ, మేనేజరూ. పెద్దాయన నవ్వలేదు గానీ తను నిలబడ్డ చోటు నుంచి స్క్రీన్ దాకా ఎంత దూరమో చూపుతోనే కొలిచి, "అంత చిన్నగా అన్నది ఇక్కడి దాకా వినపడిందా?" అని అడిగాడు. ఉపన్యాసం కాగితం జేబులో పెట్టేసుకున్నాడు. ఆ మిగతా మూడు ఊళ్లూ ఎవరు చేయాలో నిన్న మేనేజర్‌తో చెప్పి వెళ్లాడు. నీకు వాళ్లే రాస్తారు, నేను చెబితే ఏం బాగుంటుంది. ఆ ఊళ్లకి వెళ్లినప్పుడు ముందు టీ పెట్టేవాళ్ల దగ్గర కూర్చో. నా పేరు చెప్పక్కర్లేదు, వాళ్లు రోజూ నన్ను చూస్తూనే ఉంటారు.

ఇంక రెండు మాటలు. ఒకటి, కింద ఆ జలపాతం చప్పుడు తీయించు. రెండు, బోర్డు మీద నీ కొత్త బొమ్మ అంటించారు. అందులో ఇప్పుడు గది ఉంది, గదిలో కొప్పు మనిషి ఉంది, అందరూ నవ్వుతున్నారు, అది మాత్రం మూతి ముడుచుకునే ఉంది. ఆ మూతి సరిగ్గా కుదిరింది. మార్చావంటే ఊరుకోను.

మీ అత్త

(నేను చెప్పింది చెప్పినట్టే రాశాను తల్లీ. ఒక్కటి మాత్రం ఆవిడ చెప్పలేదు, నేను కలుపుతున్నాను: ఇది చెప్పి రాయిస్తున్నంతసేపూ ఆ బొమ్మ కింద స్టూలు వేసుకునే కూర్చుంది. - మీసాలు)